రెండు వేళ్ళు తక్కువైన టాపు

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను కారులో ఎక్కించుకుని కృష్ణగిరి నుంచి హోసూరుకు బయలుదేరింది. శూలగిరి దాటాక టిఫిన్‌కని హైవే పక్కన ఆపింది. ఆ హోటలు ముందు పాత కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. బెంగళూరు నుంచి సరదాగా తిరగడానికి వచ్చిన గుంపట. కొన్ని నాకంటే వయసులో పెద్దవి, నాకంటే బాగా తుడిచి నిగనిగలాడేట్టు పెట్టినవి.

వాటిలో ఒకటి రెండే సీట్లున్న చిన్న బండి. పైన రేకు కప్పు ఉండదు, మడిచిపెట్టే టాపు. మేం దోసెలు తింటూండగానే తుంపర మొదలైంది. ఆ బండి కుర్రాడు ప్లేటు వదిలేసి పరుగెత్తాడు. వెనక మడిచి ఉన్న ఊచలు లేపి, నల్లటి టాపు ముందుకు లాగి, ఒక్కొక్క బటను టప్ టప్ మని నొక్కుతూ వచ్చాడు. మూలన రెండు బటన్లు మాత్రం అందలేదు. లోపల కూర్చున్న పెళ్ళాం చేత్తో అంచు పట్టుకుని లాగుతూ తడుస్తూ నవ్వుతోంది. చూసేవాళ్ళంతా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "ఏమైంది అవ్వా, కాఫీ చల్లారిపోతాంది" అంది మనవరాలు. ఏమీ లేదన్నాను. ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చాక రాసుకుందామని కూర్చున్నాను.

మా అంగడి కృష్ణగిరిలో, కొండ కింద, పాత బెంగళూరు రోడ్డు మీద ఉండేది. అంగడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా పరదా. బండ్లకు సీట్లు కుట్టడం, టాపులు వేయడం మా పని. పగలంతా ఆ రాతికొండ వేడెక్కేది, సాయంత్రం ఆ వేడంతా మా మీద వదిలేది. ఆ వేడికి రెక్సిన్ అంటించే సొల్యూషన్ డబ్బా వాసన, నానబెట్టిన కొబ్బరిపీచు వాసన, కొత్త రెక్సిన్ వాసన కలిసి ఇంటినిండా ఉండేవి. రాగి సంగటిలో ఉలవల పులుసు పోసుకుని తింటున్నా ముక్కుకు ముందు తగిలేది సొల్యూషనే. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల, "నీ దగ్గిర సైకిలు అంగడి వాసన వస్తాది" అని జరిగి కూర్చునేది. ఒకరోజు దాని టిఫిన్ డబ్బా మూతకు కొంచెం సొల్యూషన్ పూశాను. మధ్యాహ్నం మూత రాలేదు. అయ్యవారు రాయి తెచ్చి కొట్టినా రాలేదు. ఆ పిల్లకు నా సంగటిలో సగం పెట్టాల్సి వచ్చింది.

మా తాతను ఊరంతా మేస్త్రీ అనేవారు. వయసులో ఉన్నప్పుడు జట్కాలకు టాపులు వేసేవాడు. జట్కాలు పోయి లారీలు వచ్చాక లారీ సీట్లు మొదలుపెట్టాడు. "గుర్రం పోతే పోనీ, కూర్చునేవాడు యాడికి పోతాడు" అనేవాడు. కత్తెర ఆయనది. అది మోచేతి పొడవుండేది, బొటనవేలు దూర్చే చోట పాత గుడ్డ చుట్టి ఉండేది. మా అంగడి పద్ధతేమంటే, కత్తిరించేవాడే మేస్త్రీ. మిగిలినవాళ్ళు ఎంత కుట్టినా కూలివాళ్ళే. ఆయుధపూజ రోజు ఆ కత్తెరకు గంధం పూసి కుంకుమ పెట్టేది మా అత్త. బొట్టు పెట్టవచ్చు గానీ పట్టుకోకూడదు. "ఆడదాని చేతికి కత్తెరిస్తే అంగడి రెండు ముక్కలైపోతాది" అని తాత మాట.

అత్తంటే మా నాయన అక్క. మొగుడు పనికని పోయి తిరిగి రాలేదు. ఎక్కడికి పోయాడో, ఎవరితో ఉన్నాడో అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. ఒక రేకుపెట్టెతో పుట్టింటికొచ్చి, వచ్చిన మర్నాడే కుట్టుమిషను ముందు కూర్చుందట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అత్త అంటే ఆ మిషను చప్పుడే. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. కానీ లారీ సీటు మీద ఆమె వేసిన గీతకుట్టు చూసి, "దారం పరిచి గీసినట్టుండాదే" అని డ్రైవర్లు ఆశ్చర్యపోయేవారు. ఆ మాట తాత విని మీసం దువ్వుకునేవాడు.

మా నాయనకు ఈ పని పడలేదు. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది, వారానికొకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అమ్మతో ఒకటే మాట. "నాయనకు చెయ్యి ఆడినంత దినాలు ఆడనీ. ఆ తర్వాత అంగడి మూసేసి అందరమూ హోసూరుకు పోదాం. అక్క ఇంట్లో వంట చూసుకుంటాది." పరదా అవతల మిషను చప్పుడు ఆ మాట దగ్గర ఆగిపోయేది. నేను చిన్నదాన్నైనా ఒకటి తెలిసింది. అంగడి పోతే అత్తకు ఇంకేమీ మిగలదు. తమ్ముడి ఇంట్లో ఒక మూల మిగులుతుంది, అంతే.

తాతకు చూపు తగ్గుతోందని అందరికంటే ముందు తెలిసింది నాకే. అదీ నా కొంటెతనం వల్ల. కొన్నాళ్ళుగా ఆయన టేపు పరిచి నన్ను పిలిచేవాడు. "అమ్మణ్ణీ, బళ్ళో లెక్కలు చెప్తాండారా లేదా? ఇది ఎంత చెప్పు చూస్తాం." నేను చెప్పేదాన్ని, ఆయన చాక్‌పీసుతో గీత గీసేవాడు. నన్ను పరీక్ష చేస్తున్నాడనే అనుకున్నాను. ఒకరోజు విసుగుపుట్టి ఇరవైమూడును ఇరవైఏడన్నాను, తిడతాడని ఎదురుచూశాను. "సెబాసు" అని ఇరవైఏడుకే గీత పెట్టి కత్తెర తీశాడు. "తాతా తాతా, తప్పు చెప్పినాను, ఇరవైమూడు" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కత్తెర కింద పెట్టి చాలాసేపు నా మొహం వైపు, అంటే నా మొహం ఉంటుందనుకున్న వైపు చూశాడు. "ఎవరికీ చెప్పద్దు" అన్నాడు మెల్లగా.

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మకు గట్టి నమ్మకం. ఆ గుట్టు మాత్రం దాచాను, ఒక్క అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్త విని, "నాకు తెలుసులే" అంది. ఆమెకు తెలుసని తాతకు తెలియదు. ఇలా ముగ్గురం మూడు వైపుల నుంచి ఒకే మూటను పట్టుకుని తిరిగేవాళ్ళం.

మొన్న చూసినలాంటి బండి ఒకటి మా అంగడికి వచ్చింది అప్పుడే. హోసూరు నుంచి ఒక పశువుల డాక్టరు దాన్ని లారీలో ఎక్కించుకుని తెచ్చాడు. ఏ దొరో వదిలేసిపోయిన రెండు సీట్ల బండిని కొనుక్కుని, ఏళ్ళ తరబడి ఇంజను బాగుచేయించి, ముదురు ఆకుపచ్చ రంగు వేయించాడు. బయట పెళ్ళికొడుకు, లోపల ఉత్త ఇనుము. సీట్లు లేవు, తలుపులకు అట్టలు లేవు, నేలమీద రేకు కనిపిస్తోంది. టాపు ఉన్నచోట నాలుగు ఊచలు, వాటికి వేలాడే కుళ్ళిన పీలికలు. లోపలి పనంతా, టాపు, పక్క తెరలు, ఎండకు సీట్లమీద పరిచే కప్పు, అన్నీ కొత్తగా కావాలన్నాడు.

"బెంగళూరులో చానామంది ఉండారు గదా సామీ" అన్నాడు తాత.

"ఉండారు. కానీ నేను ఈ ఊర్లోనే చదువుకున్నా మేస్త్రీ. వానాకాలం నువ్వు వేసిన జట్కా టాపు కిందనే బడికి పోయినాను. ఒక్కనాడు పుస్తకం తడవలేదు. ఇది నీ చేతనే కావాల."

తాత ఆ మాటకు కరిగిపోయాడు. పరదా వెనకనుంచి అత్త తల అడ్డంగా ఊపడం నేను చూశాను, ఆయన చూడలేదు. "సరే సామీ. నా చేత్తోనే కత్తిరిస్తాను" అని ఒప్పుకున్నాడు.

ఆ రెండు నెలలు నాకు పండగే. బడి నుంచి రాగానే సంచి విసిరేసి ఆ బండిలో ఎక్కి స్టీరింగు పట్టుకునేదాన్ని. హారను నొక్కితే ఒకసారి మోగింది. పక్కింటి మేక తాడు తెంపుకుని పోయింది, నా వీపు మోగింది. ముందు సీట్లు చేశారు. పట్టీలు అల్లి, కొబ్బరిపీచు పరిచి, దానిమీద దూది, దానిమీద ఎర్రటి తోలులాంటి రెక్సిన్. అత్త దాన్ని సన్నసన్నగా మడతలు కుట్టి, ఒక్కొక్క మడతలో కర్రతో దూది కూరింది. ఆ తర్వాత తలుపు అట్టలు, నేలమీద తివాచీ. ఒక్కొక్కటి బిగిస్తూంటే ఇనుపడొక్కు మెల్లగా ఇల్లులా అయింది. వేలితో తడిమి, "ఇక్కడ పీచు తక్కువుండాది" అని తాత చెప్పేవాడు. అది నిజమే అయ్యేది. వేళ్ళకు మసక లేదు.

చివరికి టాపు మిగిలింది. అది ఒకటే గుడ్డ, ఒకటే కోత. ఆ రెక్సిన్ దొరకడమే కష్టమైంది. తప్పుపోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు. పాత పీలికలను చూసి అత్త తమిళ పేపర్లు మైదాజిగురుతో అంటించి కాగితం అచ్చు తయారుచేసింది. తాత దాన్ని ఊచలమీద పరిచి తడిమి, బాగుందన్నాడు. "రేపు కత్తిరిస్తాను" అన్నాడు. మర్నాడు కూడా రేపన్నాడు. నాలుగు రోజులు అలా గడిచాయి. ఆ నాలుగు రోజులూ సంగటి ముద్ద సగం వదిలేసేవాడు.

ఐదోరోజు మధ్యాహ్నం ఆయన తిని, బల్లమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురక వినిపించగానే అత్త లేచింది. రెక్సిన్ నేలమీద పరిచింది, కాగితం అచ్చు పెట్టింది, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. నాకు టేపు ఇచ్చింది. "చదువు. నిదానంగా చదువు." నేను చదివాను, ఆమె గీత గీసింది. మళ్ళీ చదివించింది. తర్వాత కత్తెర తీసింది. బొటనవేలి చోట చుట్టిన గుడ్డ ఆమెకు వదులైంది. ఒక్క క్షణం దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ పెద్ద కత్తెర రెక్సిన్‌లో దిగితే కరకరమని ఒక చప్పుడొస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మేమిద్దరం ఊపిరి బిగబట్టి పని చేస్తున్నాం. సగం దూరం పోయాక గురక ఆగింది. అత్త చెయ్యి కూడా ఆగింది. కాసేపటికి గురక మళ్ళీ మొదలైంది, ముందుకంటే కొంచెం పెద్దగానే. ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతుంది. నిజంగా నిద్రపోయే మనిషి అంత చక్కగా గురకపెట్టడు.

కోత అయిపోయాక తాత లేచి వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. కత్తిరించిన అంచును బొటనవేలితో మొదటినుంచి చివరిదాకా తడిమాడు. మూల తిరిగే చోట వేలు ఆగింది, మళ్ళీ కదిలింది.

"ఎప్పుడు కత్తిరించినాను దీన్ని?"

"పొద్దున్నే నాయనా" అంది అత్త.

"అవునా. బాగానే కత్తిరించినాను" అన్నాడు తాత. అత్త పెరట్లోకి పోయి మొహం కడుక్కుని వచ్చింది.

టాపు బిగించే రోజు ఎండ పెనంలా ఉంది. తాత పద్ధతి అదే, రెక్సిన్‌ను ఎండలో పరిచి మెత్తబడ్డాక లాగి బిగించాలి. జట్కాల కాలంలో కాన్వాసు ఎంత బిగించినా నెల తిరిగేసరికి వేలాడేది. అందుకని లాగినంత లాగడమే ఆయన నేర్చుకున్న విద్య. బండిని రోడ్డు పక్క ఎండలో పెట్టి, టాపు ఊచలమీద వేసి, అత్తను ఒక వైపు, నన్నొక వైపు నిలబెట్టాడు.

"లాగు. ఇంగా లాగు. వేలితో కొడితే డప్పు మాదిరి మోగాల."

"నాయనా, రెండు వేళ్ళు వదులుగా పెడదాం. ఈ బండి ఉండేది హోసూర్లో" అంది అత్త.

"హోసూర్లో మాత్రం టాపు టాపు కాదా? లాగు."

అత్త లాగింది. లాగిన చోటే చాక్‌పీసు గుర్తులు పెట్టి బటన్లు కొట్టారు. ఎక్కువైన అంచును అత్త లోపలికి మడిచి కుట్టేసింది. డాక్టరు వచ్చి టాపుమీద వేలితో కొట్టాడు. డప్పులా మోగింది. ఆయన తాత రెండు చేతులూ పట్టుకుని, "ఈ కత్తెర ఇంగెవరికీ రాదు మేస్త్రీ" అన్నాడు. తాత నేల చూశాడు. అత్త దారం ఉండలు ఏరుకుంటోంది. చెప్పాలని ఉంది, చెబితే అంగడి పోతుంది. మింగలేక కక్కలేక నిలబడ్డాను.

హోసూరంటే మాకు చలి ఊరు. నాయన అక్కడినుంచి చెవులకు మఫ్లరు చుట్టుకుని దిగితే మేం నవ్వేవాళ్ళం. ముప్పై మైళ్ళ దూరంలో గాలి అంత మారిపోతుందని కొండ కింద వేడిలో పుట్టి పెరిగినవాళ్ళకు నమ్మకం కుదరదు. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు పట్టాక ఒకనాడు బస్సు కండక్టరు అంగడి ముందు తల బయటపెట్టి కేకేశాడు. అప్పట్లో కబుర్లు అలాగే నడిచేవి. "మేస్త్రీ, డాక్టరు చెప్పి పంపినారు. టాపు మూసుకోలేదంట. వచ్చి చూసి పొమ్మన్నారు."

మర్నాడు తాత, అత్త, నేను తొలిబస్సు ఎక్కాం. శూలగిరి దాటేసరికి పొగమంచులో కిటికీ అవతల ఏమీ కనిపించలేదు. నా పళ్ళు కొట్టుకున్నాయి. అత్త తన కొంగులో నన్ను చుట్టుకుంది. బస్టాండులో నాయన నిలబడి ఉన్నాడు. కబురు ఆయనకూ చేరింది.

"ఇంగ చాలు నాయనా" అన్నాడు దారిలో. "ఊర్లో మేస్త్రీ అంటే ఒక పేరుండాది. అది ఉండంగానే మూసేద్దాం. పొంగలి పండగ దాటినాక అందరూ ఈడికే వచ్చేయండి." అత్త నా చెయ్యి పట్టుకున్న పట్టు బిగిసింది, వేళ్ళు నొప్పి పుట్టాయి.

డాక్టరు ఇంటి వసారాలో బండి నిలబడి ఉంది. ఆ ముందు ఆదివారం ఆయన పెళ్ళాన్ని, ఊరినుంచి వచ్చిన ఒక స్నేహితుణ్ణి ఊరి బయటి చెరువు చూపించడానికి తీసుకుపోయాడట. ముగ్గురూ ఎలా సర్దుకున్నారో. వాన పట్టుకుంది, టాపు లాగితే ముందు బటన్లు అందలేదు. డాక్టరు భార్య ఇంకా తుమ్ముతోంది. ఆ స్నేహితుడు కూడా వసారాలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

డాక్టరు టాపు లేపి చూపించాడు. రెక్సిన్ అట్టలా బిగుసుకుపోయింది. ఎంత లాగినా బటనుకూ, అది పడాల్సిన చోటుకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. తాత దగ్గరికి పోబోయి, మెట్టు చూసుకోక తడబడ్డాడు. నాయన పట్టుకున్నాడు.

కుర్చీలో పెద్దమనిషి నవ్వాడు. "ఏమప్పా డాక్టరూ, ఈయనకు కండ్లే కనపడవు. ఈయన చేతికి కత్తెరిచ్చి టాపు కావాలంటే రెండు వేళ్ళు కాదు, రెండు చేతులు తక్కువొస్తాది."

"ఊరికే ఉండప్పా" అన్నాడు డాక్టరు. కానీ ఆయన కూడా తాత కళ్ళవైపే చూస్తున్నాడు. నాయన మొహం ఎర్రగా అయింది.

అప్పుడు అత్త ముందుకు వచ్చింది. మగవాళ్ళ ముందు ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. "కండ్లకేమి సామీ. మా నాయన దీన్ని తాకలేదు. కత్తిరించింది నేను. నేర్చుకోకుండా కత్తిరించినాను, రెండు వేళ్ళు తక్కువ పోయింది. తప్పు నాది. ఆయన్ను ఏమీ అనద్దు."

అది అబద్ధమని నాకు తెలుసు. టేపు చదివింది నేను. గుడ్డ తక్కువ కాలేదు, పైగా ఎక్కువే ఉండింది. ఆ ఎక్కువను మడిచి కుట్టింది కూడా అత్తే. తండ్రి పేరు నిలవడానికి తన మొదటి కోతను తానే చెడగొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. నాయన, "అక్కా, నువ్వా?" అని నోరు తెరిచి నిలబడిపోయాడు.

తాత బండి దగ్గరికి నడిచాడు. టాపు అంచు తడిమి, మడత దొరికాక, "ఇది విప్పు" అన్నాడు అత్తతో.

"వద్దు నాయనా."

"విప్పమంటాండాను."

ఆమె కదల్లేదు. తాత జేబులోంచి చిన్న చాకు తీసి, వేలితో కుట్టు వెతుక్కుంటూ ఒక్కొక్క దారం తానే తెంపాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. ఒకసారి చాకు వేలికి తగిలింది, నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మడత విచ్చుకుంది.

"అమ్మణ్ణీ, టేపు తీసుకురా" అన్నాడు. అని, కుర్చీలో ఉన్న ఆయనకూ, డాక్టరుకూ, తన కొడుకుకూ అందరికీ వినిపించేట్టు చెప్పాడు. "నాకు కనపడదు. నువ్వు చదివి చెప్పు. బటను అవతల గుడ్డ ఎంతుండాది?"

బటను దగ్గర టేపు పెట్టాను. రెండోసారి అడిగాక, "రెండున్నర అంగుళాలు తాతా" అన్నాను.

"విన్నావా సామీ. గుడ్డ తక్కువ లేదు. మా ఊరి ఎండలో మెత్తగా ఉన్నప్పుడు లాగి బటన్లు కొట్టించినాను, మీ ఊరి చలికి ముడుచుకుపోయింది. వదులుగా పెడదామని ఈ బిడ్డ చెప్పింది. నేను వినలేదు." ఆయన చెయ్యి గాల్లో వెతికి అత్త భుజంమీద పడింది. "కత్తెర నా బిడ్డది. తప్పు నాది."

డాక్టరు దగ్గరికొచ్చి తాత గడ్డం పట్టి వెలుతురువైపు తిప్పాడు. "కంట్లో పువ్వు పడింది మేస్త్రీ. ఎద్దయి ఉంటే నడక చూసి ఎప్పుడో చెప్పి ఉందును. మనిషివి, మేస్త్రీవి, ఎట్ల అడిగేది అని ఊరుకున్నాను." తాత నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను బండి వెనక్కి పోయాను.

పాత బటన్లు పీకి, రెండు వేళ్ళు అవతలికి కొత్తవి కొట్టారు. పాత రంధ్రాలు కనపడకుండా అత్త ఒక సన్నటి పట్టీ కత్తిరించి పైన అంటించింది. ఈసారి అందరి ముందే కత్తిరించింది. డాక్టరు భార్య తుమ్ముతూనే మాకు మిరియాల రసం పోసింది. ఆ కుర్చీలో పెద్దమనిషి, "నీ కత్తెర బాగుండాదమ్మా" అన్నాడు. అత్త పట్టీ అంచును వేలితో అదిమి చూసుకుంది.

నాయన బస్టాండుదాకా వచ్చాడు. అంగడి మూసే మాట ఎత్తలేదు. బస్సు కదులుతూండగా కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, నాకెందుకు చెప్పలేదు" అని మాత్రం అడిగాడు. కొండ దిగుతూంటే గాలి వెచ్చబడింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని తాత కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు అత్త గెలిచిందని నేను గంతులేయాలనుకున్నాను. ఇటు తిరిగితే తాత, అటు తిరిగితే అత్త, ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే. ఎవరి పక్షాన సంతోషపడాలో తెలియక నిద్రపోయాను.

తర్వాత తాతకు కంటి ఆపరేషన్ చేయించారు. ఒక కంటికి మనుషులు తెలిసేవారు, టేపు గీతలు మాత్రం మళ్ళీ రాలేదు. అంగడి మూతపడలేదు. కత్తెర పిడికి చుట్టిన గుడ్డ తీసి అత్త తన వేలికి సరిపడా కొత్తది చుట్టుకుంది. తాత పగలంతా బల్లమీద కూర్చుని ఆ కరకర చప్పుడు వినేవాడు. పనికొచ్చినవాళ్ళు ఏదైనా మెచ్చుకుని ఎవరి కత్తెర అని అడిగితే అత్త ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది. "మా నాయన కత్తిరించినారు." వెంటనే బల్లమీదినుంచి, "అబద్ధం" అని వినిపించేది. అడిగినవాళ్ళు తికమకపడేవారు. వాళ్ళిద్దరూ నవ్వేవారు కాదు, ఒకరి మొహం ఒకరు చూసేవారు కాదు. రోజుకు ఒకసారైనా జరిగేది ఇది. చిన్నప్పుడు నాకది తమాషాగా ఉండేది. ఇంత వయసొచ్చాక అనిపిస్తోంది, మా ఇంట్లో ప్రేమగా మాట్లాడుకోవడం చేతకానివాళ్ళు కనిపెట్టుకున్న మాటలవి. ఆ అంగడి, ఆ రోడ్డు, ఆ మనుషులు ఇప్పుడు లేరు. ఆ రెండు మాటలు మాత్రం నాకు అప్పుడప్పుడు వినిపిస్తాయి.

నేను పెళ్ళయి అత్తింటికి పోయిన రెండో ఏడు తాత పోయాడు. కర్మలయ్యాక నేను ఇంకా ఊర్లోనే ఉన్నాను. అంగడి మళ్ళీ తెరిచిన రోజు ఒక లారీ ఆయన వచ్చి, తయారైన సీటుమీద చెయ్యి రాసి, "ఎంత బాగా కూర్చునిందో చూడు. ఎవరు కత్తిరించినారమ్మా?" అని అడిగాడు.

"మా నాయన కత్తిరించినారు" అంది అత్త పనిలోంచి తల ఎత్తకుండానే.

అని ఆగింది. కత్తెర సగం తెరుచుకుని ఉంది. నేను కూడా బల్లవైపు తిరిగాను. రోడ్డుమీద బస్సొకటి పోయింది. లారీ ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"కాదప్పా" అంది అత్త చాలాసేపటికి. "నేనే."

తండ్రి శవం ముందు కూడా ఏడవని మనిషి, ఆ లారీ ఆయన ముందు నిలబడి ఏడ్చింది.